సున్నం నీళ్లు, చెక్క నీళ్లు

ఆ ఎండాకాలం బుచ్చవ్వ బావిలో నీళ్లు డికాషన్ రంగుకు తిరిగాయి.

అది అరవై ఎనిమిదో సంవత్సరం. ఉగాది వెళ్లి కొన్నాళ్లే అయింది. తార్నాక నుంచి మౌలాలి వైపు పోయే బండ్లబాటకు దిగువన ఒక చిన్న వాగు ఉండేది. ఆ వాగు ఒడ్డునే మా లందల కొట్టం. లంద అంటే తోళ్లు ఊరేసే తొట్టి. పచ్చితోలును ముందు కడిగి ఉప్పు వదిలిస్తారు. ఆ తర్వాత సున్నం గుంతలో వేసి వెంట్రుక రాలుస్తారు. ఆఖరున తంగేడు చెక్క, కరక్కాయ నానిన నీళ్లలో వారాల తరబడి ఊరేస్తే అది చెప్పుకు పనికొచ్చే తోలవుతుంది. మా నాయిన ఇన్నయ్య, మా చిన్నాయిన సమ్మయ్య, మా వాళ్లవే మరికొన్ని ఇండ్లు ఆ పని మీద బతికేవి. కడిగిన నీళ్లు, సున్నం నీళ్లు, చెక్క నీళ్లు అన్నీ ఒకే కాలువలో కలిసి వాగులో పడేవి.

వాగు పారినన్నాళ్లూ ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఏడాది వాగు ఎండిపోయింది. అందులో మా నీళ్లు మాత్రమే పారి, ఒడ్డు నేలలోకి ఇంకాయి.

వాగు మలుపు తిరిగే చోట బుచ్చవ్వ కూరగాయల తోట ఉంది. మొగుడు పోయాక ఆ తోటను ఒంటిచేత్తో నిలబెట్టుకున్న మనిషి. పొట్టిగా ఉండేది, గొంతు మాత్రం వాగు అవతలికి వినపడేది. ఒకరోజు పొద్దున్నే నిండు చెంబుతో మా కొట్టం ముందుకు వచ్చి, బాటమీదే నిలబడింది. మా గడప తొక్కే అలవాటు ఆమెకు లేదు. ఆమె కంచె దాటే అలవాటు మాకూ లేదు.

"ఇన్నయ్యా, బయటికి రా."

నాయిన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆమె చెంబు వంచి నీళ్లు నెమ్మదిగా అతని కాళ్ల ముందు మట్టిలో పోసింది.

"గిది నా బాయి నీళ్లు. మంచిగ సూడు. మెంతికూర మాడిపోయింది. పాలకూర అంచులు కాలినయ్. అంగట్ల నా గంప ముట్టుకుంటలేరు, తోళ్ల వాసనొస్తదంటున్నరు."

"వాగు ఎండె గదా అవ్వా. రెండు వానలు పడితే..."

"వానలు పడేదాక నేనేం తినాలె? మున్సిపాలిటోళ్లకు చెప్పిన. ఇగ నీకు నాకు మాటల్లేవ్."

వెళ్లిపోయింది. నాయిన ఆ తడిసిన మట్టిని చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. తను చేసింది తప్పని ఎవరూ అనకముందే అతనికి తెలుసు. ఏం చేయాలో మాత్రం తెలియదు.

ఆ వారంలోనే మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరు లక్ష్మీనర్సయ్య వచ్చాడు. చెడ్డవాడు కాదు. కాలువ పొడవునా నడిచి, ముక్కుకు అడ్డం పెట్టుకున్న రుమాలు తీసి మరీ మాట్లాడాడు. "మిరుగు లోపట, వానలు మొదలుగాక ముందే, మీ కాలువ వాగుల కలుసుడు బంద్ కావాలె ఇన్నయ్యా. కాలేదంటే కొట్టానికి తాళమే. నా చేతుల ఏం లేదు."

ఆ సాయంత్రం లాలాగూడలోని మా పెంకుటింట్లో అన్నదమ్ములిద్దరికీ మాట పట్టింపు వచ్చింది.

"అమ్మేద్దాం అన్నా," అన్నాడు చిన్నాయిన. "సికింద్రాబాద్ టింబరు షాపాయన ఆ జాగ అడుగుతున్నడు. నేను రైల్వే వర్క్‌షాపుల చేరుత. నువ్వు చర్చి పక్కన చెప్పుల దుకాణం పెట్టుకో. వాగు కాడ ఇంక ఎన్నాళ్లు?"

"ఆళ్లు తాళం ఏస్తే ఏస్తరు. మనంతట మనం ఏసుకునుడేంది?"

"ఆళ్లు ఏసినంక ఆ జాగ ఎవడు కొంటడు?"

మర్నాటి నుంచి ఇద్దరికీ మాటలు బందయ్యాయి. ఒకే పొయ్యి మీద వండిన అన్నం చెరో మూల కూర్చుని తినేవాళ్లు. మా అమ్మ సాలమ్మ ఇద్దరి మధ్య కూర అందిస్తూ, ఉప్పు సరిపోయిందా అని గోడను అడిగేది.

నేను అప్పుడు యూనివర్సిటీలో, టెక్నాలజీ కాలేజీలో, పరిశోధన చేస్తున్నాను. మిషన్ బడిలో మొదలైన చదువు స్కాలర్‌షిప్పుల మీద అంతదాకా వచ్చింది. మా ప్రొఫెసర్ సూర్యనారాయణ గారిది గుంటూరు వైపు. ఉప్పు బావుల నీళ్లను పొరల గుండా వడగట్టి తాగే నీళ్లు చేయాలని ఆయన పట్టుదల. విదేశాల్లో అప్పుడప్పుడే మొలకెత్తిన విద్య అది. మన దగ్గర చేసి చూసినవాళ్లు బహు తక్కువ.

పొర పోయడమే ఒక వంటలా ఉండేది. సినిమా రీళ్లకు వాడేలాంటి తెల్ల పొడిని ఘాటైన ద్రావకంలో కరిగించి, తేనెలా చిక్కబడ్డాక అద్దం పలక మీద పోసి, ఉక్కు పట్టీతో ఒక్క గుంజున పల్చగా లాగాలి. చేయి వణికితే అంతే, మళ్లీ మొదటికి. వెంటనే ఆ పలకను ఐసు నీళ్లలో ముంచితే, కాసేపటికి పొర అద్దాన్ని వదిలి పాల మీది మీగడలా తేలేది. ఐసు కోసం తార్నాక చౌరస్తాకు పోయి, రంపపు పొట్టులో చుట్టిన గడ్డను రిక్షాలో తెచ్చుకునేవాళ్లం. క్యాంపస్ ఎత్తు ఎక్కేసరికి అది సగమయ్యేది.

ఒక మధ్యాహ్నం పలక కడుగుతూ అడిగాను.

"సార్, ఈ పొరలోంచి తోళ్ల నీళ్లు వడగడితే ఏమవుతుంది?"

"తోళ్ల నీళ్లా? ఎక్కడివమ్మా?"

"మా ఇంటివే సార్."

ఆయన కళ్లజోడు తీసి నా వైపు చూశారు. "మీ నాన్నగారిది ట్యానరీనా?"

"ట్యానరీ అంటే పెద్ద మాట సార్. లందల కొట్టం." అని జరిగినదంతా చెప్పాను. బుచ్చవ్వ చెంబు, లక్ష్మీనర్సయ్య మాట, మిరుగు గడువు. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

"చూడు ప్రమీలా, ఉత్త ఉప్పునీళ్లకే ఈ పొర అలిగి కూర్చుంటోంది. నీ నీళ్లలో కొవ్వు, మట్టి, చెక్క రసం... ఇంకా ఏమేం ఉన్నాయో," అని కాసేపు ఆలోచించారు. "ఎలాగూ సెలవులిచ్చేస్తున్నారు. పంపు ఖాళీగానే ఉంటుంది. చెడితే చెడుతుంది, మరో పొర పోసుకుందాం. తీసుకురా."

నాయిన సైకిలు వెనక డబ్బా కట్టుకుని కాలువ నీళ్లు తెచ్చాడు. సెలవులు కావడంతో క్యాంపస్‌లో చెట్ల కింద నీడలు తప్ప మనుషులు లేరు. నా చదువు మొదలైన ఇన్నేళ్లలో అతను కాలేజీ లోపలికి రావడం అదే మొదలు. ల్యాబు గుమ్మం బయట చెప్పులు విడిచి, డబ్బా మాత్రం లోపలికి జరిపి, తను అక్కడే ఆగిపోయాడు.

"లోపలికి రండి ఇన్నయ్య గారూ. ఆ చెప్పులు వేసుకుని రండి, ఇక్కడ గాజు పెంకులుంటాయి," అన్నారు సార్.

నాయినను 'గారూ' అని పిలవడం నేను ముందెన్నడూ వినలేదు. నాయిన కూడా విననట్టే, ఎవరినో అన్నట్టు వెనక్కి చూశాడు. తర్వాత వచ్చి, నీళ్లలో తేలుతున్న పొరను చూసి చేయి పెట్టవచ్చా అని కళ్లతోనే అడిగాడు. సార్ తల ఊపారు. నాయిన పొర అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని రుద్ది చూశాడు.

"ఒక దిక్కు నున్నగున్నది, ఒక దిక్కు గరుకున్నది. తోలు లెక్కనే ఉన్నది బిడ్డా."

సార్ పెద్దగా నవ్వారు. "ఆ నున్నటి దిక్కును మా పుస్తకాల్లో తోలు అనే అంటారండీ. ఉప్పును ఆపేదీ, నీళ్లను వదిలేదీ అదే."

పొరను రెండు ఉక్కు బిళ్లల మధ్య బిగించి పంపు నడిపాం. మొదటి చుక్కలు తేటగా పడ్డాయి. నాయిన ముఖం వెలిగింది. కాసేపటికి చుక్కలు ఆగాయి. ఆ తర్వాత ఒక్కసారిగా గోధుమరంగు నీళ్లు బుసబుసమని వచ్చేశాయి. బిళ్లలు విప్పి చూస్తే పొర లేదు. దాని చోట వేలికి అంటుకునే జిగురు ఉంది.

సార్ డబ్బాలో కాగితపు ముక్క ముంచి రంగు చూశారు. "సున్నం. ఇంత సున్నం ఉంటే ఈ పొర బతకదు. పులుపైతే ఓర్చుకుంటుంది, సున్నాన్ని ఓర్చుకోదు."

"సున్నం తోలు మీది వెంట్రుకనే తింటది సార్," అన్నాడు నాయిన దిగులుగా. "గీ పొర దానికొక లెక్కనా."

తిరుగుదారిలో నాయిన సైకిలు ఎక్కలేదు. నడిపించుకుంటూ నా పక్కనే వచ్చాడు. ఖాళీ డబ్బా వెనక గలగలమంటోంది. ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి తార్నాక వైపు దిగుతుండగా నా మనసులో సార్ అన్న ఒక్క మాట తిరుగుతోంది. పులుపైతే ఓర్చుకుంటుంది.

"నాయినా, లందల్ల చెక్క నీళ్లు పులుస్తయి గదా?"

"పాతగైతే మస్తు పులుస్తయి."

"మరి వాటిల సున్నం ఎందుకు కలుస్తున్నది?"

"కాలువ ఒకటే గనక." అంటూనే ఆగిపోయాడు. సైకిలు కూడా ఆగింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

"మూడు కాలువలు తియ్యాలె," అన్నాడు.

"ఆ."

"నా నడుం సంగతి తెలుసు గదా నీకు."

తెలుసు. అయినా మర్నాడు తెల్లారేసరికి నాయిన గడ్డపార పట్టుకుని కొట్టం వెనక తవ్వుతున్నాడు. మట్టి గంప అమ్మ ఎత్తుతోంది. నేను కూడా చీర కొంగు బిగించి దిగాను. చిన్నాయిన మాత్రం గుమ్మంలో కూర్చుని బీడీ కాలుస్తూ చూస్తున్నాడు.

"సినిమా రీలుతోని తోళ్ల నీళ్లు వడగడ్తరంట," అన్నాడు ఎవరితోనూ కానట్టు. "ఇగ ఆ కాలువల ఏ సినిమా ఆడిస్తరో."

ఎండ ఎక్కింది. నాయిన మాటిమాటికీ గడ్డపార మీద ఆనుకుని ఆగుతున్నాడు. చిన్నాయిన రెండో బీడీ వెలిగించబోయి, మళ్లీ చెవి వెనక పెట్టుకున్నాడు. లేచి వచ్చి, తవ్విన కాలువలోకి వంగి చూశాడు.

"వాలు తప్పింది. గిట్లయితే నీళ్లు ఎనుకకొస్తయి."

నాయిన మాట్లాడకుండా గడ్డపార అతని చేతికిచ్చాడు.

"జర ఇటు తియ్యాలె అన్నా."

"ఇటా?"

"గంతే."

అంతకుమించి వాళ్లు ఆ పూట మాట్లాడుకోలేదు. కానీ మధ్యాహ్నం ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని తిన్నారు. అమ్మ ఆ రోజు గోడతో మాట్లాడలేదు.

ఉప్పు కడిగిన నీళ్ల కోసం బండ మీద లోతు లేని మడులు కట్టాం. వాగును ఎండబెట్టిన ఆ ఎండే ఆ నీళ్లనూ పీల్చేసి, అడుగున తెల్లటి ఉప్పు పెచ్చు మిగిల్చేది. సున్నం నీళ్లను గుంతల్లో ఆరామంగా నిలవనిస్తే మడ్డి కిందికి దిగేది. పైన తేరిన నీళ్లను మళ్లీ సున్నం కలపడానికే వాడుకున్నాం. ఇక మిగిలింది చెక్క నీళ్లు. వాటి కోసం ఇటుకల తొట్టి కట్టి, సార్ ఇచ్చిన ఉక్కు బిళ్లలు పక్కనే బిగించాం. కరెంటు పంపును కాలేజీ నుంచి బయటికి తీయడం కుదరదు. ఆ లోటు తీర్చింది చిన్నాయిన. మౌలాలి రైలు షెడ్డు దగ్గర పాత ఇనుము అమ్మేవాడి దగ్గర, బాయిలర్లకు నీటి ఒత్తిడి పెట్టి పరీక్షించే చేతి పంపు ఒకటి దొరికింది. లోపలి వాషర్లు చివికిపోయాయి. వాటిని మా తోలుతోనే కోసి, నూనెలో నానబెట్టి తనే బిగించాడు.

"రీలు మీది, మిషన్ నాది," అన్నాడు పిడి పట్టుకుని.

బిగించిన మొదటి పొరతోనే సాఫీగా నడవలేదు. చెక్క రసం దాని మీద పేరుకునేది. పొద్దున్నే మెత్తటి బట్టతో తుడిచి, మంచినీళ్లలో కడగాల్సి వచ్చేది. ఒకసారి నేను కాలేజీకి పోయిన పూట అమ్మ నాకు పని తప్పిద్దామని పొరలన్నీ శుభ్రంగా కడిగి దండెం మీద ఆరేసింది. తడి ఆరితే పొర చచ్చినట్టేనని ఆమెకు చెప్పడం మరిచాను. సాయంత్రం వచ్చేసరికి అవి అప్పడాల్లా ఎండి, గాలికి పటపటమంటున్నాయి.

"మంచిగ ఆరినయ్ బిడ్డా," అంది అమ్మ సంతోషంగా.

నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. సంగతి తెలిశాక అమ్మ ఆదివారం చర్చిలో పాస్టరుగారిని అడిగి ప్రార్థన పెట్టించింది. ఆయనకు అదేమిటో అర్థం కాక, "ఈ కుటుంబపు జల్లెడను ఆశీర్వదించుము ప్రభువా," అన్నారు. అప్పటి నుంచి మా వాడలో అందరూ దాన్ని జల్లెడ అనే పిలిచారు.

కొత్త పొరలు పోసుకుని వచ్చిన రోజున సార్ కూడా రిక్షాలో మా కొట్టానికి వచ్చారు. బోర్లించిన గంప మీద కూర్చుని అమ్మ ఇచ్చిన చాయ తాగుతూ గొట్టం కొస వైపే చూస్తున్నారు. చిన్నాయిన పంపు కొడుతున్నాడు. చుక్క తర్వాత చుక్క పడి గాజు జాడీ అడుగు నిండింది. ఎండుగడ్డి కడిగిన నీళ్లకుండే పాటి రంగు. అంతే. తొట్టిలో ఉన్నదానికీ దీనికీ పోలికే లేదు. పంపు చప్పుడు ఆగితే ఎక్కడ చుక్క ఆగుతుందోనని చిన్నాయిన చేయి మార్చుకోవడానికి కూడా ఆగడం లేదు.

"ఇంకొకరికివ్వండి సమ్మయ్య గారూ," అన్నారు సార్.

"ఉండుండ్రి సార్. ఇంకొంచెం."

అవతలి గొట్టంలో మిగిలినది కషాయంలా చిక్కబడి వస్తోంది. దాన్ని ఎక్కడ పారబోయాలన్నది సార్‌కు చింత. నేను వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. నాలుక ముడుచుకుపోయింది. చిన్నప్పటి నుంచి ఎరిగిన వగరు.

"నాయినా, ఇది చెక్క రసమే. లందల మళ్ల పోస్తే?"

నాయిన కూడా రుచి చూశాడు. వెంటనే అవునని అనలేదు. ఒక మేక తోలు వేసి చూద్దామన్నాడు. అది లందలో ఊరి తయారయ్యేసరికి వారాలు పట్టింది కానీ, అయ్యాక దాన్ని మెడలో వేసుకుని వాడంతా తిరిగాడు. అంత మెత్తగా వచ్చింది.

అయితే ఇవన్నీ మా సంతోషాలు. బుచ్చవ్వకు వాటితో ఏం పని?

తేట నీళ్లు బిందెకెత్తుకుని ఆమె కంచె దగ్గరికి పోయాను. పంపు రోజంతా కొట్టినా అప్పట్లో కొన్ని బిందెలే వచ్చేవి. బుచ్చవ్వ ఎండిన మడుల మధ్య కూర్చుని కలుపు పీకుతోంది. నన్ను చూసి లేవలేదు.

"ఏందే?"

"అవ్వా, ఈ నీళ్లు మా కొట్టంవే. వడగట్టినం. ఒక్క మడికి పోసి చూడు."

"ఇప్పటిదాక పోసింది సాలదా?"

"రంగు చూడవ్వా."

ఆమె లేచి వచ్చి, కంచె అవతలి నుంచే బిందెలోకి తొంగి చూసింది. ముక్కుతో గట్టిగా పీల్చింది. వాసన లేకపోవడం ఆమెకు నచ్చినట్టు లేదు. కోపానికి ఆనుకునే గోడ ఒకటి పోయినట్టయింది.

"గా మూలకున్న మడి. అది ఎట్లనూ చచ్చిందే. గాడ పొయ్యి. మంచి మడుల్ల చుక్క పడ్డదా, చూడు మరి."

కంచె సందులోంచి లోపలికి పోయాను. పాడుబడ్డ ఆ మడిలో ఆమె దూరం నుంచే నాలుగు గుప్పిళ్ల మెంతులు విసిరింది, కోళ్లకు వేసినట్టు. రోజూ పొద్దున్నే బిందె తెచ్చి పోసేదాన్ని. ఆమె పలకరించేది కాదు. తన పని తాను చేసుకునేది. కానీ నేను పోసేటప్పుడు ఆమె చేతిలో కొడవలి కదలడం ఆగేది.

కొన్నాళ్లకు ఆ మడిలో పచ్చటి నూగు కనిపించింది. పక్క మడుల్లో, బావి నీళ్లు పెట్టినచోట, మొలకలు వచ్చి వాడిపోతున్నాయి. ఇందులో తలెత్తి నిలబడ్డాయి. ఆ రోజు నేను బిందెతో కంచె సందులో ఇరుక్కుని, దించుకోవడానికి చోటు వెతుక్కుంటున్నాను. బుచ్చవ్వ వచ్చింది. రెండు చేతులూ చాచి నా తల మీది బిందె అందుకుని కిందికి దించింది.

"మెల్లగ పొయ్యాలె," అంది. "మొలకల ఏళ్లు లేచిపోతయి."

ఆమె అప్పటికే వంగి నీళ్లు చిలకరిస్తోంది.

మిరుగుకు కొన్నాళ్ల ముందు లక్ష్మీనర్సయ్య మళ్లీ వచ్చాడు. మా మూడు కాలువలూ చూశాడు. ఉప్పు మడుల్లో తెల్లగా పేరుకున్నదాన్ని కర్రతో గీకి చూశాడు. పాత కాలువను మట్టితో పూడ్చిన చోట నిలబడి తొక్కి చూశాడు. తృప్తిపడినట్టే ఉన్నాడు, కానీ అతనికి ఇంకొక మనిషి మాట కావాలి. బుచ్చవ్వను పిలిపించాడు. ఆమె ఎప్పటిలాగే బాట మీద నిలబడింది. మా ఇండ్లవాళ్లందరూ కొట్టం ముందు గుమిగూడారు. సార్ కూడా వచ్చి నాయిన పక్కన నిలబడ్డారు.

"బుచ్చవ్వా, నువ్వు చేసిన ఫిర్యాదు వాపస్ తీసుకుంటవా?"

"ఎందుకు తీసుకుంట?" అంది ఆమె. "నా బాయి ఇంక గట్లనే ఉన్నది. పోయి సూడు."

నాయిన తల దించుకున్నాడు. చిన్నాయిన నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, 'నేను ముందే అన్న గదా' అనీ లేదు. అలసట మాత్రం ఉంది. ఇన్స్పెక్టరు నిట్టూర్చాడు.

"అంటే తాళం ఏసుమంటవా?"

"తాళమా?" బుచ్చవ్వ గొంతు లేచింది. "తాళమేస్తే ఈళ్లు పోతరు. ఈళ్లు పోతే నా బాయి ఎవ్వలు బాగు చేస్తరు? నువ్వు చేస్తవా? ఖరాబు చేసినోళ్లే సాఫ్ చెయ్యాలె. నా బాయి మంచిగయ్యేదాక ఈళ్లు గీడికెంచి కదలొద్దు. గది రాసుకో."

కాసేపు ఎవరికీ ఆ మాటలోని అర్థం అందలేదు. ముందుగా అందింది లక్ష్మీనర్సయ్యకే. పెదవుల చివర నవ్వు దాచుకుంటూ, "అయితే గడువు ఇస్తున్న ఇన్నయ్యా. ఈమె చెప్పేదాక," అన్నాడు.

"ఆమె ఇప్పట్ల చెప్పదు సార్," అన్నాడు చిన్నాయిన. ఆ మాట అంటూ మొదటిసారి నవ్వాడు.

కొట్టం నిలిచింది. టింబరు షాపాయన మరోచోట జాగా చూసుకున్నాడు. ఆ చలికాలంలో చిన్నాయిన అనుకున్నట్టే రైల్వే వర్క్‌షాపులో చేరాడు. అయితే ఇల్లు విడిచి పోలేదు. డ్యూటీ దిగి నేరుగా పంపు దగ్గరికి వచ్చేవాడు. అక్కడ నేర్చినదంతా దాని మీదే ప్రయోగం. నా పరిశోధన విషయం మారింది. ఉప్పు బావులు సార్‌కు వదిలేసి, నేను చెక్క నీళ్లను పట్టుకున్నాను. మొదటి పొరలు చేసిన పని చిన్నదే. తర్వాతి ఏళ్లలో మా చేతుల్లోనే ఎన్నో పెద్దవి తయారయ్యాయి. అయినా ఆ ఎండాకాలం గురించి ఎవరైనా అడిగితే నేను పొరల సంగతి తర్వాత చెబుతాను. ముందు ఇన్స్పెక్టరు వెళ్లిన మర్నాటి సంగతి చెబుతాను.

ఆ మర్నాడు మబ్బులు దిగుతున్నాయి. వానలు పడకముందే బావిలో పూడిక తీయాలని నాయిన, చిన్నాయిన, వాడలోని మగవాళ్లు తాళ్లు, గంపలు తీసుకుని బుచ్చవ్వ తోటకు పోయారు. వెనక నేనూ అమ్మా. కంచె దగ్గర అందరి కాళ్లూ అలవాటుగా ఆగాయి. బుచ్చవ్వ లోపలి నుంచి అరిచింది.

"ఏంది, ముహూర్తం చూస్తున్నరా?"

లోపలికి పోయాం. బావిలోకి ఎవరు దిగాలన్న ప్రశ్న వచ్చింది. వాళ్ల బావిలో మా వాళ్లు దిగడమన్నది అప్పటిదాకా జరిగిన పని కాదు. నాయిన బుచ్చవ్వ వైపు చూశాడు. ఆమె పలుగు తెచ్చి చిన్నాయిన చేతిలో పెట్టింది. అతను నడుముకు తాడు కట్టుకుని దిగాడు.

పొద్దంతా నల్లటి మడ్డి గంపలు గంపలుగా పైకి వచ్చింది. మా ఏళ్ల నాటి చెక్క, మా ఏళ్ల నాటి సున్నం. గంప పైకి వచ్చిన ప్రతిసారీ నాయిన దాన్ని తనే అందుకుని దూరంగా పోసి వచ్చాడు, నడుం నొప్పి మాట ఎత్తకుండా. మధ్యాహ్నం దాటాక లోపలి నుంచి పలుగు బండకు తగిలిన చప్పుడైంది.

"ఊట వస్తున్నది," అన్నాడు చిన్నాయిన. గొంతు బావి గోడలకు తగిలి పెద్దగా వినిపించింది.

అందరం అంచు చేరాం. చాలాసేపు నీళ్లు ఊరనిచ్చి, అతను చెంబు ముంచి తాడుకు కట్టాడు. నాయిన లాగాడు. చెంబును చేతిలో పట్టుకుని, ఎవరికివ్వాలో తెలియనట్టు నిలబడ్డాడు. బుచ్చవ్వ అతని చేతిలోంచి చెంబు తీసుకుంది. వెలుతురుకు పట్టి చూసింది. రంగు ఉంది, కానీ పలచగా ఉంది. ఒక గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించింది. ఉమ్మేస్తుందనుకున్నాను. మింగింది.

"ఇంక ఉప్పున్నది," అంది.

నాయిన, "రేపు మళ్ల తోడుతం అవ్వా," అన్నాడు.

"తోడుండ్రి. రేపు తొందరగ రాండ్రి. సద్దులు తేవొద్దు, అన్నం నేనే వండుత."

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. బావి లోపల చిన్నాయినకు పైన మాటలు సగమే వినిపించినట్టున్నాయి.

"ఏం కూరవ్వా?" అని అడిగాడు అడుగు నుంచి.

"ముందుగాల మట్టి ఎత్తు," అంది బుచ్చవ్వ.